వెన్నముద్ద చెవి వెనక చుక్క

నిన్న సాయంత్రం కనాటా ఊళ్లోని మా గరాజ్‌లో మా అమ్మాయి కావ్య ఎండుగడ్డి సంచీ మూతి కత్తిరించింది. టీ కప్పుతో గుమ్మంలో నిలబడ్డ నేను ఒక అడుగు వెనక్కి వేశాను. గినీ పిగ్‌లకు మేతగా వేసే తిమోతి గడ్డి వాసన అది. గడ్డివాముకూ కొత్త టీపొడి పొట్లానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. మిగతావాళ్లకు ఆ వాసన హాయిగా ఉంటుందట. నాకు మాత్రం రెండే రెండు అక్షరాలు గుర్తొస్తాయి: డీక్యూ. అంటే డిస్‌క్వాలిఫైడ్, పోటీకి పనికిరాదని. వచ్చే శనివారం కావ్య తన గినీ పిగ్‌ను మొదటిసారి పోటీల షోకు తీసుకెళ్తోంది. కావ్యకేం భయం లేదు. భయమంతా నాది, ముప్పై అయిదేళ్లుగా దాచుకున్నది.

నా చిన్నతనమంతా సస్కటూన్‌లో గడిచింది. మా నాన్న అక్కడి యూనివర్సిటీలో శనగల మీద పరిశోధన చేసేవారు. ఇంట్లో మాత్రం శనగపప్పు తెమ్మంటే కందిపప్పు తెచ్చేవారు. అక్కడి మంచు గురించి నేను చెబితే మా ఆయన నమ్మడు. ఒక ఏడాది మార్చి నెలలో మా ఇంటి ముందు దిబ్బ కరిగితే అడుగున పక్కింటివాళ్ల కారు బయటపడింది. చలికాలమంతా మేం దాని నెత్తిమీదినుంచే నడిచి స్కూలు బస్సెక్కామన్నమాట. కారులో రేడియో ఇంకా మోగుతూనే ఉందని కూడా అప్పుడప్పుడు కలుపుతుంటాను. ఈ కలపడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్నదే. దానివల్లే ఒక రోజు నా ప్రాణం మీదికి వచ్చింది.

మేం కోడిగుడ్లు కొనుక్కునే ఎడ్నా ఆంటీ ఊరి బయట పొలంలో ఉండేది. ఆవిడ కొట్టంలో గుడ్ల బుట్టల వెనక వరసగా పంజరాలు, వాటినిండా గినీ పిగ్‌లు. మా తెనాలిలో ఏనుగుతో పొలం దున్నుతామని నేను మొదటిరోజే చెబితే, ఆవిడ నోట్లోని గడ్డిపరక తీసి, "అలాగా? మలుపు దగ్గర ఎలా తిప్పుతారు?" అని మాత్రం అడిగింది. నేను చెప్పేవన్నీ అబద్ధాలని ఆవిడకు తెలుసు. అయినా నా పదకొండో ఏట ఒళ్లంతా తెల్లగా, గులాబీ కళ్లతో ఉన్న ఒక గినీ పిగ్ పిల్లను నా చేతుల్లో పెట్టింది, ఒక షరతు మీద. శరత్కాలంలో జరిగే షోకు దాన్ని నేనే తయారు చేయాలి. నేను ముందే కనిపెట్టాల్సిన లోపం ఏదైనా జడ్జి బల్లమీద బయటపడి డీక్యూ అయిందా, అది తిరిగి ఆవిడ కొట్టానికి వచ్చేస్తుంది. అలా వచ్చినవాటి పంజరాలకు ఆవిడ పీక్యూ అని చీటీ అంటించేది. పెట్ క్వాలిటీ, పెంచుకోవడానికి తప్ప పనికిరానిది. చీటీ అంటించిన వారంలో ఊళ్లోని పెంపుడు జంతువుల దుకాణం వ్యాను వచ్చేది, పంజరం ఖాళీ అయ్యేది.

దానికి నేను పెట్టిన పేరు వెన్నముద్ద.

ఆ వేసవికి తెనాలినుంచి మా నాయనమ్మ వచ్చింది. "తోకలేని ఎలుకని ఒళ్లో పెట్టుకుని కూచుందేవిటే పిల్ల!" అని మొదట బుగ్గలు నొక్కుకుంది కానీ, వారం తిరక్కుండానే కొత్తిమీర కాడలన్నీ దానికే తీసిపెట్టేది, వినాయకచవితినాడు ఉండ్రాళ్లలో ఒకటి దాని ముందూ పెట్టి, "ఆయన వాహనానికి చుట్టమే గదా, తిననీ," అంది. షో మాటలన్నీ ఆవిడకు నేనే నేర్పాను. అరచేతిలో పట్టే ఆడదాన్ని కూడా సో అంటారని, అంటే ఆడపంది అని చెబితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. జాతిలో మొదటిది బీఓబీ. మొత్తం షోలోనే మొదటిది బీఐఎస్. గెలిచినప్పుడు ఇచ్చే ఒక్కో సర్టిఫికెట్‌నీ లెగ్ అంటారు. అలాంటివి మూడు వస్తే గ్రాండ్ ఛాంపియన్.

"ఉన్న నాలుగు కాళ్లు చాలక ఇంకో మూడెందుకే దానికి?"

ఎడమ చెవికి నంబరున్న ఇయర్ ట్యాగ్ వేయించినరోజు మాత్రం ఆవిడ గంభీరంగా, "చెవులు కుట్టించారన్నమాట. బెల్లమన్నా పంచాల్సింది," అంది.

నాయనమ్మకు నవ్వులాట. నాకు నిద్రపట్టేది కాదు. పొద్దున్నే బస్సు రాకముందే వెన్నముద్దను తువ్వాలుమీద వెల్లకిలా పడుకోబెట్టి వేళ్లు లెక్కపెట్టేదాన్ని: ముందు కాళ్లకు నాలుగేసి, వెనక కాళ్లకు మూడేసి, మొత్తం పద్నాలుగు. పదిహేనోది ఉంటే డీక్యూ. పళ్లు వంకరైతే డీక్యూ. పేను కనబడితే, ట్యాగ్ ఊడిపోతే డీక్యూ. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది వేరే రంగు మచ్చ. తెల్లదానిమీద నల్లమచ్చ ఒక్కటుంటే అంతే. వెంట్రుకలను వేలితో విడదీసి, ఊదుతూ, మెడనుంచి నడుందాకా వెతికేదాన్ని. నిన్న లేని మచ్చ ఈ రోజు రాదని ఎవరు చెప్పారు?

నాయనమ్మ పనుల్లో నన్ను కంగారుపెట్టింది కాటుక ఒక్కటే. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి, పట్టిన మసిని గీకి, ఆముదంతో మెదిపి వెండి భరిణెలో నింపేది. మొదటిసారి చేసినప్పుడు స్మోక్ అలారం మోగి, పక్కింటాయన బకెట్‌తో పరుగెత్తుకొచ్చాడు. ఫైరింజన్లు మూడొచ్చాయని నేను స్కూల్లోనూ, ఎడ్నా ఆంటీతోనూ చెప్పాను. ఆ కాటుకతో ప్రతి పరీక్షరోజునా నా కుడిచెవి వెనక దిష్టిచుక్క పడేది. స్కూల్లో ఎవరికంటా పడకుండా నేను జుట్టు ముందుకు వేసుకునేదాన్ని.

షోరోజు ఊరి చివర పశువుల ప్రదర్శన జరిగే పెద్ద షెడ్డులో గడ్డి, పేడ, వేయించిన ఉల్లిపాయల వాసనలు కలిసిపోయి ఉన్నాయి. తూకం వరస ఎంతవరకు వచ్చిందో చూసొద్దామని తువ్వాలులో చుట్టిన వెన్నముద్దను పది నిమిషాలు నాయనమ్మ ఒళ్లో పెట్టి వెళ్లాను. ఆ పది నిమిషాల తర్వాత నేను దాని ఒళ్లు మళ్లీ చూసుకోలేదు. అంతకుముందే మూడుసార్లు చూశాను కదా అనుకున్నాను.

బల్లకు అటు జడ్జి, తెల్లకోటు వేసుకున్న పొడుగాటి మనిషి. పక్కన కార్డులు రాసే ఆవిడ. ఇటు మేం. ఏది ఎవరిదో జడ్జికి తెలియకూడదు కాబట్టి ఎవరూ నోరు మెదపకూడదని నియమం. ఆయన వెన్నముద్దను ఎత్తాడు, పళ్లు చూశాడు, కాళ్లు చూశాడు, వెనకనుంచి ఊదాడు. "మంచి భుజాలు," అన్నాడు. ఎడమచెవి ట్యాగ్ చదివాడు. తర్వాత కుడిచెవి మడిచి ఆగిపోయాడు.

"మచ్చ. నల్లది."

రాసే ఆవిడ పెన్ను కదిలింది. నాకు ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది. వెనక్కి తిరిగి చూస్తే నాయనమ్మ కుర్చీలో కూర్చుని నాకేసి ధీమాగా తల ఊపుతోంది.

ఊరుకుంటే అది పుట్టుమచ్చ అవుతుంది, వెన్నముద్ద కార్డు పీక్యూ చీటీ అవుతుంది. నోరు విప్పితే నియమం తప్పినట్టు, పైగా రంగు పూసి మోసం చేశామన్నట్టు. అదీ కాక, వెనకే ఎడ్నా ఆంటీ నిలబడి ఉంది. ఏనుగు నాగలి, మూడు ఫైరింజన్లు, రేడియో మోగే కారు, అన్నీ విన్న మనిషి. పాడుకళ్లు పడకుండా మా నాయనమ్మ గినీ పిగ్‌కు కాటుక పెట్టిందని చెబితే, నేనల్లినవాటిలో అన్నిటికన్నా పెద్దది ఇదే అనుకోదూ?

బల్ల చుట్టూ తిరిగి జడ్జి పక్కకు వెళ్లాను. నా జుట్టు పక్కకు తీసి, కుడిచెవి మడిచి, పొద్దున నాయనమ్మ నాకు పెట్టిన చుక్కను వంగి చూపించాను.

ఆయన నా చెవి వెనక చూశాడు. వెన్నముద్ద చెవి వెనక చూశాడు. బొటనవేలితో ఆ చుక్కను రుద్దాడు. వేలు నల్లబడింది. అప్పుడు నోరు విప్పాను. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను. ఒక్క ముక్క కూడా కలపలేదు.

"మా అమ్మమ్మ కూడా ఇందుకే గుర్రం కళ్లేనికి ఎర్రరిబ్బను కట్టేది," అన్నాడాయన నెమ్మదిగా. "అయినా పూసిన రంగు రంగే, అమ్మాయీ." కార్డుమీద డీక్యూ అలాగే ఉండిపోయింది.

ఎడ్నా ఆంటీ ఆ కార్డు తీసుకుని చదివింది. "ఇది నువ్వు ముందే కనిపెట్టాల్సిందే. నా షరతు గుర్తుందిగా?"

తల ఊపాను. వెన్నముద్ద గుండె నా అరచేతిలో టకటకా కొట్టుకుంటోంది. ఏది నాదో ఏది దానిదో తెలియలేదు.

"కానీ కిడ్డో, ఇన్నాళ్లలో నీ నోట నేను విన్న మొదటి నిజం ఇదే. దానికేమన్నా ఇవ్వాలి కదా." కార్డును రెండుగా మడిచి నా జేబులో పెట్టింది. "ఇంటికి తీసుకుపో."

ఏం జరిగిందో అంతుపట్టని నాయనమ్మ మా దగ్గరకొచ్చి, అప్పుడే బీఓబీ గెలిచిన ఎడ్నా ఆంటీ బోరును, అంటే మగదాన్ని, చూసి భరిణె మూత తీసింది. "అందరి కళ్లూ దీనిమీదే ఉన్నాయే బుజ్జీ! ఒక్క చుక్క పెట్టనిమ్మను."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఎడ్నా ఆంటీ భరిణెలోకి తొంగిచూసి, "ఇప్పుడు కాదు. షో అయ్యాక," అంది.

ఆ తర్వాత ఆవిడ కొట్టంలో గెలిచినవాటన్నిటికీ చెవి వెనక చుక్క ఉండేదంటే మా ఆయన ఇదీ నమ్మడు. ఇది మాత్రం నిజం.

ఇప్పుడు ఆ పొలంలో ఒకేలా ఉన్న ఇళ్ల వరసలు, గుడ్ల బుట్టలుండే చోట ఎవరిదో గరాజ్. ఎడ్నా ఆంటీ లేదు. నాయనమ్మా లేదు. వెన్నముద్ద మాతో ఆరేళ్లు బతికింది. దాని ట్యాగ్ ఆ భరిణెలోనే ఉంది. నిన్న ఆ భరిణెను పైకి తీస్తుంటే కావ్య గరాజ్‌లోంచి చూసి, "అమ్మా, డోంట్ ఈవెన్ థింక్ అబౌట్ ఇట్," అంది.

"షో అయ్యాకేలే," అన్నాను.

కావ్య లోపలికి వెళ్లాక మూత తీసి వేలు తిప్పాను. కాటుక ఎండి రాయిలా అయిపోయింది. ఎంత రుద్దినా వేలికి నలుపు అంటలేదు.

శనివారానికి ఇంకా అయిదు రోజులున్నాయి. ఆముదం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవాలి, ప్రమిద వెతకాలి, స్మోక్ అలారంలో బ్యాటరీ తీసేయాలి.