తాంబేలు కానుపు కాడ మా అవ్వ

ఇందుమూలంగ సకల జనులకు తెలియజేయునది ఏమనగా... ఎండ్రకాయ పక్కకే నడుస్తది. ముందుకు నడవదు. నడుస్తదని మా అన్న అంటడు. నలభై ఏండ్ల సంది సాగుతున్న ఈ పంచాయితి ఇయ్యాల్టితోని ఖతం. అప్పీలు లేదు.

ఇగ అసలు ముచ్చట...

మా చిన్నప్పుడు... నిజాం జమానా, జర్మనోళ్ల లడాయి నడుస్తున్న రోజులు... తిరుమలగిరి అంగడికి సాంబయ్య అని ఎండుచేపలు అమ్మెటోడు వస్తుండె. బందరు అవతల సముద్రం ఒడ్డు మనిషి. మా బాపుతోని దోస్తీ. "ఒకసారి మా రేవుకు రండి బావగారూ, సముద్రం చూపిస్తా" అని వచ్చినప్పుడల్లా పిలుస్తుండె. ఆ యేడు వానల్లేవు, పనుల్లేవు. శివరాత్రి దాటినంక "పోదాం పాండ్రి" అన్నడు బాపు.

చిక్కంతా అవ్వతోనే. అవ్వ, అంటే బాపును కన్న తల్లి, మా ఊరి మంత్రసాని. ఊర్ల సగం మందిని భూమ్మీదికి తెచ్చింది ఆమెనే... నన్ను సుత. ఆ తప్పు ఊరోళ్లు ఇంకా మన్నించలే. అప్పుడు గడిల ఉండే దొర కోడలు చూలాలు. గడి హుకుం లేకుంట అవ్వ పొలిమేర దాటొద్దు. అవ్వకేమో అంత వయసొచ్చినంక మొదటిసారి ఒక కోరిక పుట్టింది... "గన్ని నీళ్లు ఒక్కపారి సూడాలె రా."

బాపు మూడు పొద్దులు గడి ముంగట చేతులు కట్టుకొని నిలబడ్డడు. మూడోనాడు అవ్వను తోల్కొని రమ్మన్నది దొరసాని.

"నువ్వు పోయినంక నొప్పులొస్తే ఎట్లనే ముసల్దానా?"

"ఇంకా నెల దినాలున్నది దొరసానీ. కడుపు జారనే లేదు."

"సరే పో. ఏడో పొద్దుకు ఈడ లేకుంటే నీ కొడుకును కట్టేపిస్త."

సూర్యాపేట దాక ఎడ్లబండి. ఆడికెల్లి బెజవాడకు బొగ్గుల మీద నడిచే మోటరు... ఎత్తు వస్తే పెద్ద మొగోళ్లు దిగి నూకుడే. సరిహద్దు నాకా కాడ సుంకమోళ్లు మా సద్దిమూట ఇప్పి చూసిండ్రు. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డలు, కారం. "గివేనా?" అని వాళ్లే చిన్నబోయిండ్రు.

అవ్వ దారి పొడుగుతా నిద్రపోయింది... ఎవ్వలూ వచ్చి తలుపు కొట్టని నిద్ర. ఆమె బతుకుల గదే మొదలనుకుంట.

సముద్రం చూసి బాపు ఒడ్డెంబడి అటీటు నడిచిండు. ఆఖర్కి అడిగిండు, "దీనికి తూమేది సాంబయ్యా? ఎన్నెకరాలు పారుతది?"

"ఒక్క సెంటు కూడా పారదండి. ఉప్పు నీళ్లు."

"గన్ని నీళ్లు పెట్టుకొనా!" బాపు ముఖం తిప్పుకున్నడు. కరువు సీమ మనిషి... ఆయన బాధ ఆయనది.

రెండు దినాలు ఆ చిన్న ఊరంతా తిరిగినం. వలలు ఎండేసిన సందులు... మడుగుల ఒంటికాలు మీద నిలబడ్డ పొడుగు కాళ్ల కొంగలు... ఇసుకల బొక్కబొక్కకొక ఎర్ర ఎండ్రకాయ. అండ్ల ఒకదాన్ని అన్న అంగీ జేబుల ఏసిన. వాడు రేవంతా ఉరికిండు. ఎండ్రకాయ ముందుకు నడుస్తదని వాని వాదన అప్పుడు పుట్టిందే.

మూడోనాడు తెల్లారంగనే ఒడ్డుకు పోతే, నీళ్లకెల్లి ఇసుక మీదికి చాలు గీసినట్టు ఒక జాడ.

"ఎవ్వడ్రా ఇసుకల నాగలి కట్టింది?" అన్నడు బాపు.

జాడ పట్టి పోతే... బండిచక్రమంత తాంబేలు. ఎన్కకాళ్లతోని గుంత తీసుకొని గుడ్లు పెడతాంది. కండ్లకెల్లి నీళ్లు కారుతున్నయ్.

అవ్వ మమ్మల్నందర్నీ గెదిమింది. "దూరం జరుగుండ్రి రా! కానుపు కాడ మొగోళ్లకేం పని?"

సాంబయ్య బుట్ట తెచ్చిండు. "ఆ గుడ్లు కూరకి బాగుంటాయమ్మా."

"రేపు నీ పెండ్లానికి నేను కానుపు చేస్తే, ఆ పిల్లను సుత కూర వండుతవా?"

సాంబయ్య బుట్ట బోర్లించిండు. తాంబేలు గుంత పూడ్చుకొని, ఈడ్చుకుంట ఈడ్చుకుంట నీళ్ల దిక్కు పోయింది. అవ్వ దాన్నే చూస్తాంది...

"మంత్రసాని లేదు, వేన్నీళ్లు లేవు. ఎన్కకు సుత మర్రి సూస్తలేదు. అదృష్టమంటే దానిది రా కొడుకా," అన్నది.

ఇప్పుడేమున్నది... పొద్దుగాల బస్సెక్కితే మాపటికి సముద్రం. ఎవ్వల హుకుం అక్కర లేదు. మొన్న మా కోడలు పోయొచ్చి "ఏమున్నది మామా, ఒకటే ఉక్కపోత" అన్నది.

ఒక్కటి ఒప్పుకోవాలె. రాసినదాంట్ల ఒక ముచ్చట నేను కల్పించిన... అవ్వ రాలే.

"ముసల్ది కదలొద్దు" అన్నది దొరసాని. గంతే. మేము పోయినం. అవ్వ బండి దాక వచ్చి సద్దిమూట అందిచ్చింది. దొర కోడలు మేం తిరిగొచ్చిన ఇరవై దినాలకు గాని కనలే.

దారి పొడుగుతా నిద్రపోయింది నేను. తాంబేలు కాడ అడ్డం నిలబడ్డోళ్లు ఎవ్వలూ లేరు. సాంబయ్య గుడ్లన్నీ బుట్టకెత్తిండు. మధ్యాన్నం మేము తిన్నం సుత.

అవ్వ మాటలు మాత్రం అవ్వయే. నేను ఇంటికొచ్చి తాంబేలు ముచ్చట చెప్తుంటే, పొయ్యి కాడ కూసోని ఒక్కొక్కటే అన్నది. "గుడ్లు పైలంగున్నయా?" అని అడిగింది. ఉన్నయని చెప్పిన.

అప్పటి సంది ఎవ్వలకు చెప్పినా అవ్వను బండెక్కిస్తనే ఉన్న... మీ ఇంట్ల సుత అందరు పోంగ ఇంటికాడ్నే ఉండిపోయిన మనిషి ఉంటే, పేరు రాయుండ్రి. బండ్ల జాగా ఉన్నది.