నాన్న పడుకున్న వేళ బయాలజీ క్లాసు

రోజుకి ఒక్క గంట చాలు, ఇంట్లోనే కూర్చుని హాయిగా బయాలజీ నేర్చుకోవచ్చు అని ఆ ఆన్‌లైన్ క్లాసులవాళ్ళు చెప్పిన మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గంటట! ఆ మాటన్న మనిషి జన్మలో ఒక్కసారైనా పెన్సిల్ పట్టి కిడ్నీ బొమ్మ గీశాడా అని నా అనుమానం.

పదో తరగతి అవగానే నాకు కీళ్ళ జ్వరం వచ్చింది. మోకాళ్ళతో మొదలై గుండె మీదికి వెళ్ళింది. కొన్నాళ్ళు మెట్లెక్కొద్దన్నారు. స్కూల్లో సైన్సు క్లాసులన్నీ పై అంతస్తులో. ఇంకేం చేస్తారు, స్కూలు మానిపించి, ఓపెన్ బోర్డులో చేర్పించి, ఇంట్లో కూర్చోబెట్టారు. మిగతా సబ్జెక్టులు పుస్తకాలు ముందేసుకుని నేనే చదువుకునేదాన్ని. బయాలజీకి మాత్రం ఆన్‌లైన్ క్లాసు కావాలని మొండికేశాను. మంచం మీద ఉన్నన్నాళ్ళూ నా ఒంట్లో ఏం జరుగుతోందని ఎవర్నడిగినా, ‘గుండె కొంచెం వీకు’ అన్న ఒక్క ముక్కే చెప్పేవారు. వీకంటే ఏటి? అది నాకు తెలియాలి, అంతే. మామయ్య తన పాత కంప్యూటర్ ఇచ్చాడు, నాన్న ఇంటర్నెట్ పెట్టించాడు.

స్కూలుకెళ్ళే పిల్లలకి ఒక సుఖం ఉంది. బెంచీ మీద కూర్చుంటే చాలు, ఆ రోజు చదివినట్టే లెక్క. ఇంట్లో చదివేదానికి ప్రతిదానికీ రుజువు కావాలి. సోమవారం పాఠం వచ్చేది. అది చదివి ప్రశ్నలకి జవాబులు టైపు చెయ్యాలి. ఆ పైన బొమ్మలు గీసి, పేర్లు రాసి, మా రైల్వే కాలనీ పక్కనున్న బుధవారీ బజార్లో స్కానింగ్ చేయించి పంపాలి. దాని వెనకాల ఇంట్లోనే ఓ ప్రయోగం, దానికి ఫొటోలు, మళ్ళీ రెండు పేజీల రిపోర్టు. వారం చివర్లో పరీక్ష. ఒకటి పంపేలోగా ఇంకొకటి మీద పడేది. ఉల్లిపాయ పొర తీసి, బంగాళాదుంప మీద అయోడిన్ చుక్కలు వేసి నేను అవస్థ పడుతుంటే, మిగతా ముక్క కూరలోకి పనికొస్తుందా అని అమ్మ అడిగేది.

పైగా నేను ఇంట్లో ఉన్నానంటే ఖాళీగా ఉన్నాననే అందరి లెక్క. ‘గుంట ఇంట్లోనే ఉంది గదా’ అని పక్క క్వార్టర్ ఆంటీ తన చంటిదాన్ని నా దగ్గర దించి బజారుకెళ్ళేది. చిన్నాన్నగారొస్తే టీ నేనే పెట్టాలి. కూర్చుని చదవడం కూడా పనేనని ఆ ఇంట్లో ఎవరికీ తట్టేది కాదు. నేను విసుక్కుంటే, జబ్బు మనిషికి ఇంత కోపం మంచిది కాదని అమ్మ అనేది. కోపం రాక ఏమొస్తుంది మరి!

ఇవన్నీ ఒక ఎత్తు, మాట్లాడడం ఒక ఎత్తు.

మా నాన్న గూడ్సు బండి డ్రైవరు. రాత్రంతా బండి నడిపి పొద్దున్నే వచ్చి పడుకుంటే, ఇంక ఆ ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. డ్రైవరు నిద్ర చెడితే ఏమవుతుందో మా కాలనీలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. డ్రైవరు పడుకున్న ఇంటి గుమ్మం ముందు క్రికెట్ ఆడరు, కూరగాయలవాడు కేకెయ్యడు, అమ్మ కుక్కరు పెట్టదు. మేము సైగలతో అన్నాలు తినేవాళ్ళం. ఆ సైగల్లోనే నేనూ అమ్మా తగువులు కూడా ఆడుకునేవాళ్ళం. మాది రెండు గదుల క్వార్టరు. కూలరు ముందుగదిలోనే ఉంది కాబట్టి నాన్న మంచం అక్కడే. ఇంటర్నెట్ వచ్చే ఫోను ప్లగ్గు కూడా అక్కడే కాబట్టి కంప్యూటరూ అక్కడే.

అందుకని శనివారం మధ్యాహ్నం క్లాసులో మేడమ్ ఏది అడిగినా నేను నోరు విప్పేదాన్ని కాదు. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, జవాబు టైపు చేసేదాన్ని. అది కూడా కీబోర్డు చప్పుడు కాకుండా. మా మేడమ్ ఎక్కడో పెద్ద ఊళ్ళో ఉండేది, ఆవిడకి మా ఇంటి సంగతి ఏం తెలుసు? ఏడాది పొడుగునా గొంతు వినిపించని అమ్మాయి బొమ్మలు చక్కగా గీసి పంపుతోంది, జవాబులన్నీ కరెక్టుగా రాస్తోంది. నా పని ఇంకెవరో చేసిపెడుతున్నారని ఆవిడ అనుమానపడింది. నాకు మెయిల్ పంపింది. వచ్చే శనివారం నోటితో జవాబులు చెప్పాలి, చెప్పలేకపోతే బోర్డు ఫారం మీద తను సంతకం పెట్టదు, ఈ ఏడు బయాలజీ పరీక్షకి పంపేది లేదు.

చదివి ఏడ్చాను. చేతులు నొప్పెట్టేలా చేసిన పనంతా నాది కాదంటే ఎవరికి ఏడుపు రాదు? ఆ ఏడాది పోతే, నాతో చదివినవాళ్ళంతా ముందుకెళ్ళిపోతారు, నేను ఇంకో ఏడాది ఆ గదిలోనే. మా ఇంటి సంగతి మేడమ్‌కి రాస్తే సాకనుకుంటుందని రాయలేదు. తెలిస్తే నిద్ర మానుకుంటాడని నాన్నకి చెప్పొద్దని అమ్మతో అన్నాను. ఆ శనివారం ఆయన తెల్లారకుండా వచ్చేయాలి, మధ్యాహ్నానికి నిద్ర అయిపోతుందని మా లెక్క.

తీరా ఆ రోజు నాన్న బండి మా ఊరికి కొంచెం ముందు, బిల్హా స్టేషన్ దగ్గర సిగ్నల్ లేక ఆగిపోయింది. నాన్న వచ్చి, స్నానం చేసి, రెండు ముద్దలు తిని పడుకునేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రం మళ్ళీ డ్యూటీ ఉంది. నేను అమ్మ మొహం చూశాను. అమ్మ దేవుడి పటం వైపు చూసింది.

హెడ్‌ఫోన్ పెట్టుకుని, మైకు పెదాలకి ఆనించుకుని గుసగుసగా మొదలుపెట్టాను. ఏప్రిల్ నెల, కూలరు హోరు. వినపడ్డం లేదు, గట్టిగా చెప్పమంది మేడమ్. ఇంకొంచెం పెంచాను. ఆవిడ మళ్ళీ అదే మాట. నోరు విప్పి చెప్పలేకపోతే ఇక్కడితో ఆపేద్దామంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు వెనకనుంచి నాన్న గొంతు.

“గట్టిగా చెప్పమ్మా. నేను లేచే ఉన్నాను.”

గోడవైపు తిరిగి పడుకున్నాడు. నావైపు తిరగలేదు. అమ్మ ముందే చెప్పేసిందో, నా గొణుగుడికే మెలకువ వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. ఊపిరి పీల్చుకుని గొంతెత్తాను. నాన్న పడుకున్న గదిలో అంత గట్టిగా మాట్లాడడం నా జన్మలో అదే మొదలు.

మేడమ్ కిడ్నీ అడిగింది, ఆకు అడిగింది, ఆఖరికి గుండె అడిగింది. ఎడమ వైపు వాల్వు సరిగ్గా మూసుకోకపోతే ఏమవుతుందంది. ఆ పాఠం చదివిన రోజే నా ఆసుపత్రి కాగితం మీద రాసిన మాట ఏటో నాకు అర్థమైంది. ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు ఇంగ్లీషులో మొత్తం చెప్పాను, ఎందుకు పాడవుతుంది, రక్తం ఎటు పోతుంది, మనిషికి ఆయాసం ఎందుకొస్తుంది, మందు ఎందుకు మానకూడదు. ఇంత బాగా ఎలా తెలుసని మేడమ్ అడిగింది. అది నాకే ఉందన్నాను.  పరీక్షకి ఫారం నింపుకో, ఇకనుంచి నీకు ప్రయోగాలు తగ్గిస్తాను అందావిడ.

హెడ్‌ఫోన్ తీసేసరికి నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. నిద్ర చెడింది కాబట్టి ఆ రాత్రి బండెక్కనని, డ్యూటీ ఆఫీసుకి కబురు చెయ్యమని అమ్మతో అన్నాడు. అమ్మ ఆశ్చర్యంగా చూసి వెళ్ళింది. అప్పుడు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“ఆఖర్న చెప్పింది నీ గుండె గురించేనా? నాకు తెలుగులో చెప్పు.”

చెప్పాను. గుండెలో గదులుంటాయి నాన్నా, గదికీ గదికీ మధ్య తలుపు ఉంటుంది, నాకు ఒక తలుపు జ్వరానికి పాడైంది, పూర్తిగా మూసుకోదు, కొంచెం రక్తం వెనక్కి వచ్చేస్తుంది. ఇంజెక్షన్లు మానకపోతే ఇంతకంటే పాడవకుండా ఉండొచ్చు. నాన్న నా మొహమే చూస్తూ విన్నాడు. నొప్పి పెడుతుందా అని అడిగాడు. లేదు, మెట్లెక్కితే ఆయాసం, అంతే అన్నాను.

“భయం వెయ్యదేటమ్మా?”

“తెలియనప్పుడు వేసేది” అన్నాను.

నాన్న తలూపాడు. కళ్ళు తుడుచుకుని, మొదట్నుంచి ఇంకోసారి చెప్పమన్నాడు.