మా మేనత్త మిగిల్చిన ఆఖరి దెబ్బ

మా మేనత్త పోయిన సంగతి నాకు ఫోన్ చేసి చెప్పింది సుబేదారుగారు. సైన్యంలో పనిచేసి రిటైరైన మనిషి, అత్తకు గోల్ఫ్‌లో జోడీ, ఇల్లు నేరేడ్‌మెట్‌లో. ఆట ఉన్న రోజున తెల్లారగానే కారేసుకుని మెట్టుగూడలో అత్త ఇంటి ముందుకు వచ్చి హారన్ కొట్టడం ఆయనకు అలవాటు. ఒక్కసారి కొడితే చాలు. అప్పటికే ఆమె టోపీ పెట్టుకుని, ఆలస్యమైందని ఆయన్ని తిట్టడానికి గేటు దగ్గర సిద్ధంగా ఉండేది.

"ఇయ్యాల రెండోసారి కొట్టిన బిడ్డా," అన్నారాయన ఫోన్లో.  నేను ఫోన్ పెట్టేసి మెట్టుగూడకు బయల్దేరాను.

నిద్రలోనే వెళ్ళిపోయింది. అదృష్టవంతురాలు అన్నారు వచ్చినవాళ్ళందరూ. అనడం తేలిక. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆమె ఎప్పుడు పోయినా నాకు తొందరగానే పోయినట్టుండేది.

అత్త చిన్నప్పుడు హాకీ ఆడేది. ఆ ఆట మీదే రైల్వేలో ఉద్యోగం వచ్చింది. మోకాళ్ళు మొరాయించాక హాకీ కర్ర వదిలి గోల్ఫ్ కర్ర పట్టుకుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, "ఆదివారం ఖాళీ లేకుండె," అనేది. ఆమె ఆట నేర్చుకున్న పాత మైదానంలో పచ్చిక తక్కువ, మట్టి ఎక్కువ. బంతిని గుంటలోకి దొర్లించే చోటు మిగతా లోకంలో పచ్చగా, తివాచీలా ఉంటుంది. ఆ చోటును గ్రీన్ అంటారు. మా దగ్గర అప్పట్లో ఇసుకలో వాడేసిన ఇంజన్ ఆయిల్ కలిపి చదును చేసేవారు. ఆట అయ్యాక ఎవరి అడుగులు వాళ్ళే చెరపాలి. పక్కనే ఓ గోనెపట్టా ఉండేది, దాన్ని ఈడ్చి ఇసుక సాపు చేసి మరీ కదలాలి. అత్త ఇంట్లో చాప మీంచి లేచినా వెనక్కి తిరిగి ముడతలు సరిచేసేది.

ఆమె జేబులో ఎప్పుడూ ఒక చారానా బిళ్ళ ఉండేది, చెలామణి పోయిన పాత పావలా. గుంట దగ్గరికి చేరాక, పక్కవాళ్ళ బంతికి అడ్డం రాకుండా మన బంతిని ఎత్తి ఆ చోట బిళ్ళ పెట్టాలి. అత్త మోకాళ్ళ మీద కూర్చుని, రెండు వేళ్ళతో బంతి వెనక బిళ్ళను మెల్లగా జరిపి, తల వంచి ఒకసారి చూసుకుని, అప్పుడు బంతి ఎత్తేది. బిళ్ళ ఉన్నంతసేపూ ఆ చోటు ఆమెదే. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా, "నీడ తియ్యి బిడ్డా," అని అదిలించేది. ఒకరి వంతు వచ్చినప్పుడు మన నీడ సుత వాళ్ళ దారిలో పడొద్దట.

ఒక పోటీ గురించి చెప్పాలి. కప్పు కోసం ఆమె, సుబేదారుగారు సమానంగా ఉన్నారు. ముళ్ళపొదల వెనక, ఎవరికీ కనబడని చోట, ఆమె కర్ర ఆనించగానే బంతి వెంట్రుకవాసి కదిలిందట. పొదల మీంచి చెయ్యి లేచింది. "నా బంతి కదిలింది. నా మీద ఒక దెబ్బ ఏస్కోండ్రి!"

తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్ళదే ఈ ఆటలో గెలుపు. ఎక్కువైన ఆ ఒక్క దెబ్బతో కప్పు సుబేదారుగారికి పోయింది. ఆయన సంతోషించకపోగా ఆమె మీద ఎగిరారు. "నేను చూడలె మేడమ్. ఎవ్వలు సుత చూడలె."

"నేను చూసిన గద సాబ్," అంది అత్త.

ఈ ఆటలో మన వెంట అంపైర్ తిరగడు. ఎవరి తప్పు వాళ్ళే చెయ్యెత్తి చెప్పుకోవాలి. ఆ అలవాటే ఒకనాడు మా అందరికీ దిక్కవుతుందని అప్పుడు నాకు తెలియదు.

రిటైరయ్యాక అత్తకు ఒకటే కోరిక. స్కాట్లండ్, ఐర్లండ్ సముద్రపొడ్డున ఉన్న పేరున్న గోల్ఫ్ మైదానాలన్నీ ఆడుకుంటూ వెళ్ళి, చివర్న ఈ ఆట పుట్టిన ఊళ్ళో ఆడాలి. సుబేదారుగారు సరేనన్నారు, టికెట్లు కొన్నారు. ఆ ఊరి మైదానంలో ఆడేవాళ్ళ పేర్లు ముందురోజు చీటీ తీస్తారు, పేరు వస్తేనే ఆట. అత్త మాత్రం అక్కడ ఎలా ఆడబోతోందో అప్పటికే వీధంతా చెప్పేసింది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం," అని మా నాన్న నవ్వాడు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ప్రయాణానికి ముందు చేయించిన పరీక్షల్లో గుండె కవాటం బాగా సన్నబడిందని తేలింది. ఆపరేషన్ చెయ్యాలి, ప్రయాణం వద్దు అన్నారు డాక్టరు. నాన్న అరిచాడు, బతిమాలాడు, ఆఖరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"అన్నా, కోసినంక ఈ చెయ్యి మల్ల గిట్ల లేస్తదో లేదో ఎవలకెరుక?" అంది అత్త. "ఒక్కపారి చూసొస్త. వచ్చిన తెల్లారే పోయి ఆ బల్ల మీద పండుకుంట. పరేషాన్ గాకు."

ఆమెను ఆపడం మా వంశంలో ఎవరివల్లా కాలేదు. అందుకని నన్ను తోడు పంపారు. బ్యాంకులో సెలవు పెట్టాను. ఎయిర్‌పోర్టులో ఆమె చెయ్యి పట్టుకుని ఒకే మాట అడిగాను: నొప్పి అనిపిస్తే దాచొద్దు, ఆ క్షణమే ఆపెయ్యాలి.

"ఆటల తప్పు దాస్తనా? గిదీ గంతే," అంది.

నమ్మాలో లేదో తెలియలేదు. ఆమె కల ఎక్కడ తెగిపోతుందోనని ఒక భయం, తెగకుండా ఆమె ఎక్కడ దాచేస్తుందోనని ఇంకో భయం. నెల రోజులూ ఆ రెండింటి మధ్యే నడిచాను. అందరూ సముద్రాన్ని చూస్తుంటే నేను ఆమె పెదవుల రంగు చూసేదాన్ని.

మొదటిరోజే నవ్వులపాలయ్యాం. గ్రీన్ మీద ఆట ముగించి అత్త అటూ ఇటూ చూసింది. గోనెపట్టా కనబడలేదు. భుజం మీది తువ్వాలు తీసి, వంగి, ఆ దేశం వాళ్ళు పసిపిల్లలా పెంచుకున్న పచ్చిక మీద బరబరా ఈడ్చేసింది. ఆ మైదానం చూసుకునే పెద్దాయన చేతులూపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. సుబేదారుగారు తన సైన్యం ఇంగ్లీషులో ఇసుకా, ఇంజన్ ఆయిలూ వివరించేసరికి ఆయన నవ్వీ నవ్వీ అత్తకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. అత్త సిగ్గుపడటం నేను చూసింది అదొక్కసారే.

ఆ నవ్వులోనే గమనించాను, ఆమె బూటు లేసు తరచూ ఊడుతోంది. ఎత్తు ఎక్కిన ప్రతిసారీ ఆగి, ఒక మోకాలు వంచి, లేసు కట్టుకుంటోంది. దగ్గరికి వెళ్ళి చూస్తే ముడి గట్టిగానే ఉంది. ఊపిరి అందక వంగుతోంది.

"అత్తా, నొప్పా?"

"నొప్పి లేదు. దమ్ము. దమ్మొస్తే చెప్తనని అన్లేదు గద!"

లాయర్లు పనికిరారు ఆమె ముందు. ఆ రోజు నుంచీ సంచి నేనే మోశాను. ఐర్లండ్‌లో కొండ అంచున ఒకచోట గాలి మనిషిని నెట్టేస్తోంది. అక్కడ ఆమె బంతి రాళ్ళ మధ్య పడింది. వదిలెయ్యమన్నాను, ఇంచుమించు అరిచాను. "బంతి ఏడ వడితే ఆడికెల్లే ఆడాలె బిడ్డా," అని దిగింది. సుబేదారుగారు ఆమెకూ లోయకూ మధ్య వెళ్ళి నిలబడ్డారు. ఆమె కొట్టాక చెయ్యందించి పైకి లాగాను.

ఆఖరి ఊళ్ళో రోజూ చీటీలో పేర్లు వేశాం. రోజూ రాలేదు. అత్త ముఖం వాడిపోతుంటే నాకు లోలోపల హాయిగా ఉండేది, అలా ఉన్నందుకు నా మీద నాకే కోపంగానూ ఉండేది. తిరుగు ప్రయాణానికి ముందురోజుకు పేర్లు వచ్చాయి.

ఆ రోజు ఆమె ఆడిన ఆట నేనెన్నడూ చూడలేదు. గాలిని తిట్టలేదు, సుబేదారుగారిని సుత తిట్టలేదు. లేసు మాత్రం మాటిమాటికీ ఊడింది. ఆఖరి గుంటకు వచ్చేసరికి ఇద్దరూ సమానం. చిన్న రాతి వంతెన దాటి గ్రీన్ మీదికి చేరారు. సుబేదారుగారు తన వంతు ముగించారు. అత్త బంతి గుంటకు చాలా దగ్గర్లో ఉంది, పసిపిల్ల కూడా దొర్లించగలదు. అది పడితే గెలుపు ఆమెదే, అదీ గోల్ఫ్ పుట్టిన చోట. ఆమె బిళ్ళ పెట్టి, బంతి ఎత్తి, తువ్వాలుతో తుడిచింది. సుబేదారుగారు జెండా పట్టుకుని అటు తిరిగి ఉన్నారు. నేను, సిగ్గులేకుండా, అంతా అయిపోయిందన్న ధీమాతో ఫోన్ తీసి ఫోటోకు సిద్ధమవుతున్నాను. ఆమెను ఎవరూ చూడటం లేదు.

అత్త చెయ్యెత్తింది.

"ఛాతీల నొస్తున్నది," అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఆట బంద్."

ఆ ఒక్క దెబ్బ కొట్టేసి చెప్పొచ్చు. నేనైతే కొట్టేసేదాన్ని, మీరూ కొట్టేసేవారు. ఆమె మాట ఇచ్చింది, ఆ క్షణమే అని. పచ్చిక మీద పడుకోబెట్టాం. పెదవులు నీలంగా ఉన్నాయి. సుబేదారుగారు ఆమె తల పక్కన కూర్చుని, "ఒప్పుకుంటున్న మేడమ్, ఆ దెబ్బ ఇచ్చేసిన. మీరే గెల్సిండ్రు," అన్నారు. ఎదుటివాళ్ళు దయతలచి ఆడకుండానే ఒప్పుకోవడం ఈ ఆటలో ఉందట.

"ఆడని దెబ్బకు గెలుపేంది సాబ్?" అంది కళ్ళు మూసుకునే. "బిళ్ళ ఉండనీ."

అంబులెన్సు వచ్చింది. వెనక ఆటగాళ్ళు ఎదురుచూస్తున్నారని సుబేదారుగారు బిళ్ళ తీసి జేబులో వేసుకున్నారు. ఆసుపత్రిలో ఆమె గుప్పిట నేనే విప్పాల్సి వచ్చింది, లోపల బంతి ఉంది. ఇంకాస్త ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదన్నారు అక్కడి డాక్టరు. కొన్ని రోజులు అక్కడే ఉంచి, కుదుటపడ్డాక పంపారు. సికింద్రాబాద్ వచ్చాక ఆపరేషన్ జరిగింది. ఆమె భయపడ్డట్టు కాలేదు, చెయ్యి మళ్ళీ లేచింది. ఆ తర్వాత మాకు దొరికిన ఏళ్ళన్నీ ఆ చెయ్యెత్తడం వల్ల దొరికినవే. ఆమెకు దానికి థాంక్స్ చెప్పబోతే, "సాలు తియ్యి," అని నా నోరు మూయించేది.

చారానా కోసం మాత్రం ఆ ఇద్దరి మధ్య పంచాయితీ తెగలేదు. "నా బిళ్ళ నాకియ్యుండ్రి," అని అత్త. "ఆడికి వోయి ఆ దెబ్బ కొట్టుండ్రి మేడమ్, అప్పుడిస్త," అని ఆయన. పోయే ముందు వారం కూడా మా ఇంట్లో టీ తాగుతూ దాని గురించే కీచులాడుకున్నారు. వచ్చే వేసవికి పోదామనుకున్నారు కూడా.

పాడె మీద పడుకోబెట్టాక, నుదుట పెట్టడానికి ఎవరో రూపాయి బిళ్ళ తీశారు.

"జెర ఆగుండ్రి," అన్నారు సుబేదారుగారు.

చొక్కా జేబులోంచి చారానా తీశారు. ఆమె తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. రెండు వేళ్ళతో మెల్లగా జరిపి ఆ బిళ్ళను నుదుటి మీద పెట్టి, తల వంచి ఒకసారి చూసుకున్నారు. లేచి నిలబడ్డారు. పొద్దు ఆయన వెనక ఉంది. అది గమనించి, తన నీడ ఆమె మీద పడకుండా పక్కకు జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.