నేను నాడి చూసిన రోజు

పోయిన ఆదివారం పొద్దున మా కూతురి కూతురు భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, పక్కన నా పాత నల్ల అట్ట పుస్తకం పెట్టుకుని కూర్చుంటే, ఎదురుగా ఇడ్లీ తింటున్న నేను పళ్లెం పక్కకు జరిపాను. ఆ పిల్ల ఆడవాళ్ల వైద్యంలో పెద్ద చదువు చదువుతోంది. గర్భంతో ముడిపడిన కంతుల గురించి మర్నాడు క్లాసులో మాట్లాడాలట. ఆ నల్ల పుస్తకం మా ఆసుపత్రి పెద్ద డాక్టరు మేడమ్ గారు చాలా ఏళ్ల కిందట అదే జబ్బు మీద చేసిన పరిశోధన. చివరి పేజీలో కృతజ్ఞతల కింద నా పేరు అచ్చయి ఉంటుంది. ఆ పేజీని ఇంటికొచ్చిన చుట్టాలకే కాదు, ఒకసారి గ్యాస్ బండ తెచ్చినాయనకు కూడా చూపించాను.

సికింద్రాబాద్‌లో క్యాన్సర్ మీద పరిశోధన చేసిన మొదటి తరంలో నేనొకణ్ణి అని మీకూ చెప్పేద్దామని నాలుక దురద పెడుతోంది. పెళ్లిళ్లలో బంతిలో కూర్చుని అలాగే చెప్పుకున్నాను, విన్నవాళ్లు నాకు ఇంకో లడ్డు వడ్డించమన్నారు కూడా. కానీ ఇది చదివే మీరు నా ఈడువాళ్లు, మీ దగ్గర దాపరికం ఎందుకు? నేను ఆ ఆసుపత్రిలో రిజిస్టరు రాసే గుమాస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్త, సైకిలు ఉంది, చేతిరాత బాగుంటుంది. నా అర్హతలన్నీ ఇంతే.

ముత్యాల గర్భం అన్న మాట మనలో చాలామంది విని ఉండరు. ఆడమనిషికి నెల తప్పుతుంది, కడుపు పెరుగుతుంది, వాంతులు మామూలు కంటే ఎక్కువే అవుతాయి, కానీ లోపల బిడ్డ ఉండదు. మాయ ఒక్కటే ఉడికిన సగ్గుబియ్యంలా నీటిబుడగల గుత్తులై పెరుగుతుంది. దాన్ని తీసేశాక చాలామంది బాగుపడతారు. కొందరిలో మాత్రం మిగిలిన కణం ఏదో క్యాన్సరుగా మారుతుంది. అందుకని ఏడాది పాటు నెలనెలా ఆ మనిషి మూత్రం పరీక్షించాలి, ఆ ఏడాదంతా మళ్లీ గర్భం రాకుండా చూసుకోవాలి. ఎందుకంటే కడుపు వచ్చినా, క్యాన్సరు వచ్చినా ఆ రోజుల్లో గాజుపలక మీద వేసిన మూత్రం చుక్క ఒకే జవాబు చెప్పేది. మేడమ్ గారు ఈ సంగతి అలాంటి ప్రతి ఆడమనిషికీ, ఆమె అత్తకీ కూర్చోబెట్టి చెప్పేవారు. పక్కన నిలబడి వినీ వినీ నాకూ కంఠతా వచ్చింది.

నెలనెలా పరీక్షకు రాని వాళ్ల ఇళ్లకు వెళ్లి, చిన్న సీసా ఇచ్చి, నమూనా తీసుకురావడం నా పని. ల్యాబు ఇచ్చిన చీటీని రిజిస్టరులోకి ఎక్కించేదీ నేనే. మా మేడమ్ గారికి రిజిస్టరులో ఖాళీ గడి కనిపిస్తే అన్నం సయించేది కాదు. సీసాలు మోసుకుంటూ గల్లీల్లో తిరగడం నాకు నామోషీగా ఉండి, ల్యాబులో కొక్కేనికి తగిలించి ఉన్న తెల్లకోటు ఒకటి వేసుకుని పోయేవాణ్ణి. మొదటిసారి ఎవరో డాక్టర్ సాబ్ అని పిలిచినప్పుడు కాదని చెబుదామనే అనుకున్నాను. రెండోసారి అనుకోలేదు. మూడోసారి, వాళ్లింట్లో ముసలాయనకు మోకాళ్ల నొప్పులుంటే ఆముదం రాయమని సలహా ఇచ్చి వచ్చాను.

మోండా మార్కెట్టులో కొత్తిమీర, నిమ్మకాయలు అమ్మే ఒకామె ఉండేది. మార్కెట్టు వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు. ఆమె కోడలికి ముత్యాల గర్భం తీసేసి నాలుగైదు నెలలైంది. ఇరవై నిండని పిల్ల. ఒక నెల రాకపోయేసరికి నేను వెళ్లాను. ఇంట్లో పండగలా ఉంది. నాకు కుర్చీ వేశారు, మలాయి వేసిన చాయ్ ఇచ్చారు. అత్త నా ముందు కింద కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది.

“డాక్టర్ సాబ్, కోడలికి మల్ల నెల తప్పింది. పొద్దుగాల లేస్తే ఒకటే వాంతులు. కడుపే గదా? మీ పెద్ద డాక్టరమ్మ ఏడాదిదాంక వద్దన్నది, ఎరికైతే తీసెయ్యమంటది. జెర ఆమెకు చెప్పకుండ్రి, మీ కాళ్లు మొక్కుత.”

ఆ కోడలు తలుపు పక్కన నిలబడి నా మొహంలోకే చూస్తోంది. నా సంచిలో సీసా ఉంది. అది బయటికి తీసి ఇవ్వడమే నా పని, ఆ సంగతి నాకు తెలుసు. కానీ సీసా తీస్తే నేను డాక్టర్ని కానని, ఇంటింటికీ తిరిగి మూత్రం పట్టుకెళ్లే మనిషినని తేలిపోతుంది. మలాయి చాయ్ చేతిలో పెట్టుకుని ఆ మాట నేనెలా ఒప్పుకునేది? ఆ పిల్లని చెయ్యి చాపమన్నాను. మణికట్టు పట్టుకుని, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టినట్టు నటించాను. నాకు నాడి ఎక్కడ కొట్టుకుంటుందో కూడా సరిగ్గా తెలియదు.

“షక్కే లేదమ్మా, కడుపే,” అన్నాను.

కోడలు నవ్వింది. అత్త నా సంచి లాక్కుని నిండా కొత్తిమీర కుక్కింది. ఆ కట్టల కింద సీసా అలాగే ఉండిపోయింది.

ఆసుపత్రికొచ్చి ఏం రాయాలో తోచలేదు. గడి ఖాళీగా వదిలితే మేడమ్ గారు ఆ పూటే మళ్లీ పంపిస్తారు, ఉన్నది చెబితే ఆ ఇంటి సంతోషం పోతుంది, నా డాక్టరీ బయటపడుతుంది. పరీక్ష నెగెటివ్, మనిషి కులాసా అని ముత్యాల్లాంటి నా అక్షరాలతో రాశాను. మరుసటి నెల ఆ గల్లీకి కూడా పోకుండా, పై గడి చూసి అదే మాట రాశాను. నాకు నేను ఏమని చెప్పుకున్నానో తెలుసా? ఇంకో రెండు నెలలు గడిస్తే కడుపు ఎలాగూ కనిపిస్తుంది, అప్పుడు మేడమే అర్థం చేసుకుంటారు అని.

కడుపు కనిపించలేదు. దగ్గితే రక్తం పడుతోందని ఆ పిల్లని రిక్షాలో తీసుకొచ్చారు. జబ్బు ఊపిరితిత్తుల దాకా పోయింది. మేడమ్ గారు వార్డులోంచే నన్ను కేకేసి, ఆ రిజిస్టరు ఇటు పట్రావయ్యా అన్నారు. నేను కోటు లేకుండా, చంకలో రిజిస్టరుతో వచ్చి నిలబడ్డాను. మంచం పక్కనున్న అత్త నన్ను తలనుంచి కాళ్లదాకా చూసింది.

“నువ్వు డాక్టర్‌వి గావా?” అంది, నాకొక్కడికే వినపడేలా.

నేను తల దించుకున్నాను. ఆమె అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు, డాక్టరమ్మకు చెప్పొద్దని బతిమాలింది తనే గదా. కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. జరిగింది మేడమ్ గారికి ఆమే చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు గానీ, అప్పటికే ఆలస్యమైంది. రెండు వారాలు కూడా నిలవలేదు ఆ పిల్ల. వేళకు పట్టుకుంటే మందుకు లొంగే జబ్బే అది. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఇప్పుడు ఇడ్లీ పళ్లెం దగ్గరికి వస్తాను. మనవరాలు పుస్తకంలో సరిగ్గా ఆ కోడలి కేసున్న పేజీ దగ్గరే ఆగింది.

“తాతా, ఈ ఒక్క కేస్ సమజైతలేదు. పోయిన నెల నెగెటివ్, ఈ నెల లంగ్స్‌ల ఉంది. గింత తొందరగ ఎట్లయితది? టెస్ట్ మంచిగున్నా నమ్మొద్దని మీ మేడమ్ రాసిండ్రు. నేను సుత రేపు గదే చెప్తున్న.”

మామూలుగా అయితే నేను కుర్చీ జరుపుకుని, ఆ కాలంలో మేమెంత కష్టపడ్డామో ఓ గంట చెప్పేవాణ్ణి. అవకాశం చేతికందింది కూడా. కానీ మనవరాలు రేపు నిలబడి నా అబద్ధాన్ని పాఠంగా చెబుతుంది, వినేవాళ్లు రాసుకుంటారు. టెస్టు చెయ్యనే లేదమ్మా అన్నాను. తరవాత చాయ్‌తో సహా, కొత్తిమీరతో సహా అంతా చెప్పాను. ఎక్కడా పెంచలేదు. నా జీవితంలో ఒక్క ముక్క కూడా కలపకుండా చెప్పిన కథ ఇదొక్కటేనేమో.

“నాడి సుత చూసినవా, తాతా?” అని మాత్రం అడిగింది. ఔనన్నాను. ల్యాప్‌టాప్‌లో ఆ కేసు రాసుకున్న పేజీని తీసేసింది. నా పళ్లెం తీసుకుని వంటింట్లోకి పోయింది.

ఇప్పుడు రక్తం తీస్తే మిషను అంకె చెబుతుంది, ఆ అంకె సాయంత్రానికల్లా డాక్టరు ఫోనులోకి పోతుంది, మధ్యలో నాబోటి చక్కటి చేతిరాతవాడు ఎవడూ ఉండడు. మంచిదే. ఒకరి గుమ్మంలో కూర్చుని, వాళ్లు వినాలనుకున్న మాట వినిపించి మర్యాదలు పొందే ఉద్యోగం ఎవరికీ మిగలలేదు.

మేడమ్ గారు పోయి చాలా ఏళ్లయింది. ఆ కోడలు పోయిన తరవాత ఆవిడ తన పరీక్ష మీదే అనుమానం పెట్టుకున్నారు. పరీక్షకు వాడే మందు సీసాలన్నీ పారబోయించి కొత్తవి తెప్పించారు, ప్రతి నమూనాకీ రెండేసిసార్లు చుక్క వేయించారు, ఆ రెండు నెలల గడుల మీద వేలు పెట్టి, మనం ఎక్కడ తప్పు చేశామంటావయ్యా అని నన్నే అడిగేవారు. ఆవిడ ఉద్యోగం మానుకున్నాక కూడా, బేగంపేటలో వాళ్లింటికి నేను ఎప్పుడు పోయినా ఏదో ఒక మాటలో ఆ కేసు దగ్గరికే వచ్చేవారు. తెలియదు మేడమ్ అనేవాణ్ణి. నిజం చెప్పి ఉంటే ఆ రోజే నన్ను పనిలోంచి వెళ్లగొట్టేవారు, ఆ తరవాత ఇక తనను తాను ప్రశ్నించుకోవడం మానేసేవారు.