పిన్నిని సూర చేప మింగింది

మా పెదనాన్నకు ఒకటే జబ్బు: తాను కట్టిన ప్రతి ఎరకూ ఇంట్లోవాళ్ళ వరసే పేరుగా పెట్టేవాడు. రేవు పక్కనే మా ఇల్లు, ముందు రేకుల వసారాలో ఆయన పని. పెద్ద చేపల కోసం పడవ వెనక నీళ్ళలో లాగే ఎరలు కట్టేవాడు. రంగుల రబ్బరు కుచ్చు, దాని చాటున గాలపు ముల్లు, ముందు గట్టి నైలాన్ తీగ. పడవ తిరిగొచ్చాక ఉప్పు కడిగి ముల్లు నూరేదీ ఆయనే.

"మీ పెద్దమ్మకు తుప్పు పట్టింది, కాస్త నూనె అందుకో" అనేవాడు. నేను అయోమయంగా వంటింటివైపు చూసేవాణ్ణి. పెద్దమ్మ గరిటెతో బయటికొచ్చేది.

"తుప్పెవరికి?"

"నీక్కాదు, ఎర్రదానికి."

"నిన్న నన్ను పచ్చదన్నావు."

"అది నిన్న."

అదీ తిరకాసు. పేర్లు పెట్టినచోట ఉండేవి కావు. పొద్దున నేను చారల కుచ్చునైతే, సాయంత్రానికి తోక తెగిన నీలాన్ని.

తన కుట్టు షాపు మూతపడి పిన్ని మా ఇంటికొచ్చింది. పెద్దమ్మకు సొంత చెల్లెలే అయినా సగం అన్నం వదిలేసి, "మీకు భారమయ్యాను, రేపు వెళ్ళిపోతా" అనేది. ఒకరోజు అలా అంటుండగానే పడవ నడిపే సరంగు నాకు ఫోన్ చేశాడు.

"మీ పిన్నిని సూర చేప మింగింది. మనిషంత ఉంది. పెదనాన్నకు చెప్పు."

స్పీకర్లో విన్న పిన్ని నెమ్మదిగా అంది: "నేనిక్కడే ఉన్నా కదరా."

పడవ రాగానే రేవంతా ఒకటే మాట, ఇవాళ పిన్నే పడవ పరువు నిలబెట్టిందని. సరంగు ఒక పెద్ద ముక్క తెచ్చి ఆవిడ చేతికే ఇచ్చాడు. నేను ఎర చూశాను. చారల కుచ్చు.

"పొద్దున ఇది నేను కదా" అన్నాను.

పెదనాన్న కుళాయి కింద ఉప్పు కడుగుతూ గొంతు తగ్గించాడు. "నువ్వు శుభ్రంగా తింటున్నావు. ఆవిడ తినట్లేదు. ఏ ఎరకు చేప పడ్డా పిన్నే పట్టిందని చెప్పమని సరంగుకు నేనే చెప్పా."

నేను పరీక్ష తప్పిన వారం వరసబెట్టి చేపలెలా పట్టానో అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే పిన్ని వసారాలో కూర్చుని ఆ కుచ్చును తిప్పి తిప్పి చూస్తోంది.

"బావా, ఈ కట్టు చూడు, ఎంత వదులుగా ఉందో. ఇలా సముద్రంలోకి పంపితే నా పరువేం కావాలి? దారం ఇటివ్వు."

ఆయన దారమిచ్చి, కూర్చున్న ముక్కాలిపీట కూడా ఆవిడవైపు జరిపాడు.