‘ఇంకా’ అనేదాకా ఆగడం

మా పాపకి రెండేళ్ళు దాటినా మాట రాలేదు. పరీక్ష చేసి, చెవులు బాగానే వినిపిస్తున్నాయన్నారు. పిల్లల డాక్టర్ మాత్రం, "ఇంట్లో రెండు భాషలైతే పాప తికమక పడుతుంది. ఇంగ్లీష్ ఒక్కటే మాట్లాడండి" అన్నాడు. ఎనభైల్లో చాలామంది అదే చెప్పేవారు. మా ఆయన తలూపారు. నేనూ తలూపాను.

అప్పుడు మేము నేపర్‌విల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఆయన పొద్దున్నే ట్రైన్ ఎక్కి షికాగో వెళ్ళిపోతే సాయంత్రం దాకా నేనూ, పాపా. నాకు డ్రైవింగ్ రాదు. ఇంగ్లీష్ చదవడం వచ్చు గానీ, నీళ్ళు పోస్తూ, అన్నం కలుపుతూ పిల్లతో అనే మాటలు ఆ భాషలో నా దగ్గర లేవు. "కమ్", "ఈట్", "నో". ఈ మూడింటితో నెలలు గడిచాయి. తర్వాత అవీ తగ్గిపోయాయి. బాధగా ఉందా అని ఎవరైనా అడిగితే లేదనేదాన్ని. నిజంగానే ఏమీ అనిపించేది కాదు. తడి బట్టలు మెషీన్‌లోంచి తీసి డ్రైయర్‌లో వేసినట్టు, ఒక రోజుని తీసి ఇంకో రోజులో వేసేదాన్ని.

ఆ చలికాలం డాక్టరే చీటీ రాస్తే, పిల్లలకి మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్ట్ ఒకావిడ ఇంటికి రావడం మొదలుపెట్టింది. యాభై ఏళ్ళావిడ. గుమ్మం దగ్గర మంచు బూట్లు విప్పి, ఉన్ని సాక్సులతో వచ్చి కార్పెట్ మీద కూర్చుంది. పాపని ఆవిడకి వదిలేసి టీ పెడదామని లేచాను.

"మీరూ ఇక్కడే కూర్చోండి," అంది ఇంగ్లీష్‌లో, మెల్లగా. "నేను ఉండేది వారానికి ఒక్క గంట. మిగతా వారమంతా పాప మీ దగ్గరే ఉంటుంది. నేను నేర్పాల్సింది మీకు."

ఆ గంటలో ఎక్కువసేపు మమ్మల్ని చూస్తూనే ఉంది. చివర్లో అడిగింది, "మీరు పాపతో ఏం మాట్లాడతారు?"

డాక్టర్ చెప్పింది చెప్పాను. ఆవిడ రాసుకుంటున్న కాగితం పక్కన పెట్టింది.

"మీ భాషలో మాట్లాడండి. ఏ భాషైనా సరే. మీరు మాట్లాడకపోతే పాప ఎక్కడినుంచి నేర్చుకుంటుంది?"

ఆ మాటకి నాకు కోపం రావాలి, లేదా ఏడుపు రావాలి. రెండూ రాలేదు. "ఓకే" అన్నాను.

తర్వాతి వారాల్లో ఆవిడ నా చేత చేయించినవి చిన్న చిన్న పనులే. పాప ముఖానికి నా ముఖం ఎదురుగా ఉండేలా నేల మీద కూర్చోవాలి. పాప ఏది చూస్తే దాని పేరే చెప్పాలి. అన్నిటికంటే కష్టమైంది ఆగడం. పాప చెయ్యి చాచగానే ఇచ్చేసే అలవాటు నాది. అలా కాదు, అప్పడం ఒక్క ముక్కే పెట్టి, మిగతాది చేతిలో పట్టుకుని, మనసులో పది లెక్కపెట్టమంది.

"పిల్లని ఏడిపించడం కాదా?" అన్నాను.

"ఏడిస్తే ఇచ్చేయండి. ఏడవకపోతే పాపకి కాస్త టైమ్ ఇవ్వండి. 'మోర్'ని మీరేమంటారు?"

"ఇంకా."

ఆవిడ దాన్ని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసుకుంది. తనూ పాపతో "ఇంకా?" అనేది, సాగదీస్తూ.

మంచు కరిగే రోజుల్లో, ఒక మధ్యాహ్నం, నేను తొమ్మిది దాకా లెక్కపెట్టానో లేదో, పాప నా చేతివంక చూసి "ఇక్కా" అంది. ముక్క ఇచ్చాను. మళ్ళీ అంది. మళ్ళీ ఇచ్చాను. అప్పడం అయిపోయింది. ఆయన ఆఫీస్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఆ మాట మళ్ళీ చెప్పమన్నారు. తర్వాత, "నువ్వు హ్యాపీయేనా?" అన్నారు. ఏమో అన్నాను. వెళ్ళి బట్టలు మడతపెట్టాను.

మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. పాపకి మూడేళ్ళు నిండగానే, అక్కడి పద్ధతి ప్రకారం, థెరపిస్ట్ రావడం ఆగిపోయింది. పాపని స్కూల్‌వాళ్ళు చిన్నపిల్లల క్లాసులో చేర్చుకున్నారు. మొదటి రోజు పసుపుపచ్చ బస్సు ఎక్కేటప్పుడు వెనక్కి తిరగలేదు. డ్రైవర్‌తో ఏదో చెబుతోంది. నాకు వినపడలేదు. లోపలికొచ్చి, కోటైనా విప్పకుండా సోఫాలో పడుకుని, బస్సు తిరిగొచ్చే వేళదాకా నిద్రపోయాను.