గుర్తు లేదన్నాను

మా ఇంట్లో ఎవరైనా మాత్ర వేసుకుంటుంటే నేను అక్కడ నిలబడలేను. నీళ్ళ గ్లాసు అందించి వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఎందుకని పిల్లలు అడగరు, నేను చెప్పను. ఎన్నో ఏళ్ళుగా మోస్తున్న బరువిది. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పుకుంటున్నాను. చదువు తక్కువదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదవండి.

కలకత్తాలో, వాట్‌గంజ్‌లో ఉండేవాళ్ళం. మా అత్తింటివాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చి అక్కడే ఉండిపోయారు. చర్చికి వెళ్ళే కుటుంబం. నేను మాత్రం పెళ్ళికోసం బాప్తిస్మం తీసుకున్నదాన్ని. అందుకే ఏం జరిగినా అత్త నన్నే అనేది, "నీకు విశ్వాసం ఎక్కడిదే" అని. అప్పుడు నన్ను వెనకేసుకొచ్చేది మా తోడికోడలు ఎస్తేరక్క. ఆమె గొంతు గురించి ఎలా చెప్పను? చేపలు తోముతూ కీర్తన పాడితే పక్క లైను ఇళ్ళలో ఆడవాళ్ళు బిందెలు దించి వినేవారు. కరెంటు పోయిన సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని కథలు చెప్పేది. ఈరోజు నేను మనవలకి చెప్పే కథలన్నీ ఆమె దగ్గర విన్నవే. నేను చెబితే అవి సగమే వస్తాయి.

ఆ పేటవాళ్ళు నడుపుకునే క్లబ్బుకి ఒక అంబులెన్సు ఉండేది. అందులో మందులిచ్చే మనిషి దిలీప్ దాదా. బెంగాలీ అయినా మా లైనులో తిరిగి తిరిగి మా మాట పట్టుకున్నాడు. ఎవరింటికి వచ్చినా ముందు ఒకటే ప్రశ్న, ఇంతకుముందు ఏ మందు పడింది అని. మాత్ర రేకు చూపించమనేవాడు. తను ఇచ్చిన మందు పేరు ప్లాస్టరు ముక్క మీద రాసి రోగి మణికట్టుకి అంటించేవాడు, ఆస్పత్రిలో మళ్ళీ అదే ఇవ్వకుండా. అక్క ఆయన్ని ఏడిపించేది. "ఏటి దాదా, ఎప్పుడూ మందులేనా? మా ఇంట చేపల పులుసు ఉందా అని అడగవేటి?" అనేది. "పులుసు తింటాను బౌదీ, ముందు నువ్వు బీపీ మాత్ర తిన్నావా చెప్పు" అనేవాడాయన. బౌదీ అంటే వాళ్ళ భాషలో వదిన, దాదా అంటే అన్న.

ఒక వారం ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టారు. అక్క రక్తపోటు తగ్గాలనే పెట్టారు. ప్రార్థన ముగిసేదాకా మందు ముట్టకూడదని అత్త నియమం. అక్క సరేనంది.

ముందు గదిలో ఆడవాళ్ళు పాడుతున్నారు. అక్క వంటింట్లో పీట మీద తల పట్టుకుని కూర్చుంది. "ఒలె చెల్లీ, తల పగిలిపోతందే. అత్తకి సెప్పకే" అంది. మా మామకి కూడా రక్తపోటే. కొరికి నాలుక కింద పెట్టుకునే మెత్తటి క్యాప్సూలు ఆయన డబ్బాలో ఉంటుంది. ఒకటి తీశాను. వద్దని తల ఊపింది. "దేవుడు నిన్నేటీ అనడు, నోరు తెరు" అన్నాను. చంటిపిల్లలా నోరు తెరిచింది.

అది పనిచేయకముందే అక్క వాంతి చేసుకుని గోడ పట్టుకుని జారిపోయింది. మా ఆయన క్లబ్బుకి పరిగెత్తాడు. దిలీప్ దాదా వచ్చి రక్తపోటు చూశాడు. మొహం మారిపోయింది.

"బౌదీ, ఏటైనా మందు ఇచ్చినావా?"

నా వెనకాలే అత్త నిలబడి ఉంది. "ప్రార్థనలో ఉన్నాం బాబూ. మందు ముట్టనేదు" అంది.

ఆయన అత్తని చూడలేదు. "నిన్ను అడుగుతున్నా. చిన్న మాత్రైనా? రేకు ఉంటే చూపించు."

"నేదు దాదా. ఏటీ ఇవ్వనేదు."

రేకు నా కొంగు ముడిలో ఉంది.

అత్త అప్పటికే భయపడిపోయి ఉంది. "వేగిరం తీసుకుపోండి" అని తనే ఏడుస్తోంది. నిజం చెప్పి ఉంటే నాలుగు తిట్లు పడేవి. అంతే కదా? ఆ నాలుగు తిట్లకి ఎందుకంత భయపడ్డాను?

ఆయన కూడా అదే రకం క్యాప్సూలు పెట్టాడు. ఆ రోజుల్లో అలాగే ఇచ్చేవారు. బండిలో సగం దూరం వెళ్ళాక అక్కకి చెమటలు పట్టాయి, చేతులు చల్లబడ్డాయి. "ఇంత కిందికి ఎందుకు పడిపోయింది? ఎందుకు?" అంటూ ఆయన ఆమె కాళ్ళు ఎత్తి పట్టుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెబితే ఆస్పత్రివాళ్ళకైనా తెలిసేది. నాకు నోరు రాలేదు.

అక్క బతికింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట పోయాయి. జబ్బువల్లో, రెండు మందులు కలవడంవల్లో నాకు ఈనాటికీ తెలియదు. రక్తపోటు ఒక్కసారిగా దించేశారని మాత్రం డాక్టరు అన్నాడు. ప్లాస్టరు మీద ఒక్క మందే ఉంది. ఎక్కువ ఇచ్చి తక్కువ రాశాడని దిలీప్ దాదాని అనుమానించారు.

క్లబ్బు పెద్దలు మా ఇంటికి వచ్చారు. ఆయన గుమ్మం బయటే నిలబడ్డాడు. "మందు ఇచ్చేముందు ఇతను మిమ్మల్ని అడిగాడా?" అన్నారు. లైనులో ఎవరి పెళ్ళికి ఏం వండారో, ఎవరి బిడ్డ ఏ వానలో పుట్టిందో చెప్పే మనిషిని నేను. "గుర్తు లేదు" అన్నాను.

ఆయన నావైపు ఒకసారి చూసి చెప్పులు తొడుక్కున్నాడు. ఆయన్ని బండి పనిలోంచి తీసేశారు. తరవాత టికియాపారా వైపు వెళ్ళిపోయాడని విన్నాను. నది దాటితే వచ్చే చోటు. నేను ఏ రోజూ దాటలేదు.

అక్కకి చాలా ఏళ్ళు నా చేత్తోనే తినిపించాను. ఆమెకి తెలుసు కదా, క్యాప్సూలు నోట్లో పెట్టింది నేనేనని. ముద్ద పెడుతుంటే నన్నే చూసేది. ఒక్కోసారి ఎడమచేత్తో నా చెంప తడిమేది. అది క్షమించడమని అనుకోవాలని ఉంటుంది. అనుకోను. చెప్పలేని మనిషి తరఫున నేనెలా చెప్పుకుంటాను? ఒక్కసారి "ఒలె చెల్లీ" అని పిలిస్తే చాలనుకునేదాన్ని. తిట్టడానికైనా సరే, ఆ గొంతు వినాలని. ఇప్పటికీ చేపలు తోముతూ చెయ్యి ఆపేస్తాను.

అక్క పోయింది. అత్తా పోయింది. దిలీప్ దాదా ఉన్నాడో లేడో తెలియదు. ఉంటే ఇది చదవలేడు, ఆయనకి మా అక్షరాలు రావు. అయినా రాస్తున్నాను.

ఆయన అడిగాడు. నేను అబద్ధం చెప్పాను. ఈ రెండు మాటలు రాయడానికి ముసలిదాన్నయ్యాను.